బేస్‌బాల్‌కు మారాలనుకునే క్రికెటర్ కిట్: బంతి, గ్లవ్, మెషీన్, బ్యాట్... ఏది ముందు, ఏది ఆఖరు?

ప్రొఫెషనల్ క్రికెటర్ బేస్‌బాల్‌లోకి వెళ్తే నిలబడతాడా అన్న చర్చ ఎప్పుడొచ్చినా బ్యాట్ దగ్గర మొదలై బ్యాట్ దగ్గరే ఆగిపోతుంది. సిక్సర్లు బాదేవాడు హోమ్ రన్ కొట్టలేడా అంటారు. ఆ ఊపులో ముందుగా కొనేది కూడా బ్యాటే. ఈ సమీక్షలో ఆ వరసను తిరగేశాం. బంతులు, గ్లవ్, కేజ్‌లో (వల కట్టిన సాధన చోటు) పిచింగ్ మెషీన్ (బంతులు విసిరే యంత్రం) టైము, చెక్క బ్యాట్ అనే నాలుగింటినీ ఒక్క ప్రశ్నతోనే చూశాం: క్రికెట్ నేర్పిన పనితనంలో ఈ వస్తువుతో ఎంత కలిసొస్తుంది, ఎంత ముందరి కాళ్లకు బంధమవుతుంది? మా తీర్పు ముందే చెబుతున్నాం. ఖర్చు, ఓపిక పెట్టాల్సింది బంతి మీద, గ్లవ్ మీద. మెషీన్‌కు వెళ్లేముందు నాలుగు ప్రశ్నలు అడగాలి. బ్యాట్ ఆఖరున కొనాలి.

బంతి: 5కి 4.5

అమెరికాలో బేస్‌బాల్ అగ్రశ్రేణి పోటీ అయిన మేజర్ లీగ్ బంతిని రాలింగ్స్ కంపెనీ తయారు చేస్తుంది. మధ్యలో కార్క్, రబ్బరు గుండు, దాని చుట్టూ ఉన్ని దారం, పైన ఆవు తోలు. బరువు 142 నుంచి 149 గ్రాములు, చుట్టుకొలత 22.9 నుంచి 23.5 సెంటీమీటర్లు. పురుషుల క్రికెట్ బంతి 155.9 నుంచి 163 గ్రాములు, చుట్టుకొలత 22.4 నుంచి 22.9. అంటే బేస్‌బాల్ పిసరంత పెద్దది, సుమారు 14 గ్రాములు తేలిక.

ఆ తేలికే మొదటి ప్రమాదం. చేతిలోకి రాగానే ఇదేముందిలే అనిపిస్తుంది, మొదటి రోజే బౌండరీ దగ్గర్నుంచి విసిరినట్టు విసిరేస్తారు. తేలిక బంతికి చేయి ఇంకా వేగంగా తిరుగుతుంది, ఆ వేగానికి మోచేతి లోపలి వైపు లిగమెంట్ సాగుతుంది. పిచర్లకు (బ్యాటర్‌కు బంతి విసిరేవాళ్లకు) టామీ జాన్ సర్జరీ జరిగేది ఆ లిగమెంట్‌కే. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ తొలిసారి చేసిన ఈ ఆపరేషన్ ఇప్పుడు పిచర్ల జీవితంలో మామూలు విషయమైపోయింది. క్రికెట్‌లో ఫీల్డర్ పూర్తి బలంతో విసిరేది రోజుకు కొన్నిసార్లే. బేస్‌బాల్‌లో విసరడమే వృత్తి.

అందుకే బంతి వచ్చాక మొదటి పని దూరాన్ని మెట్లు మెట్లుగా పెంచడం. గాయం నుంచి కోలుకునే పిచర్లకు ఇచ్చే పద్ధతి ఇక్కడా సరిగ్గా సరిపోతుంది: 14 మీటర్లతో మొదలుపెట్టి 18, 27, 37, 46, 55 మీటర్లు. ప్రతి దూరంలోనూ ముందు ఒళ్లు వేడెక్కించుకుని 25 విసుర్లు, కొన్ని నిమిషాల విశ్రాంతి, మళ్లీ 25. నొప్పి లేకుండా రెండు మూడు సార్లు పూర్తయితేనే తర్వాతి దూరం. రోజు విడిచి రోజు. కండరాలు బిగిసినట్టుంటే పర్వాలేదు. మోచేతి లోపలి ఎముక పక్కన సూదిలా గుచ్చితే మాత్రం ఆ రోజుకు ఆపేసి, తగ్గాక ఒక మెట్టు కిందికి దిగాలి.

ఇక పట్టు. క్రికెట్ బంతికి కుట్టు నడుమ పట్టీలా నేరుగా చుట్టి ఉంటుంది. బేస్‌బాల్ కుట్టు 108 జంట కుట్లతో వంపులు తిరుగుతూ పోతుంది. బంతిని తిప్పుతూ చూస్తే ఒక చోట కుట్టు గుర్రపునాడాలా కనిపిస్తుంది. ఆ నాడాకు అడ్డంగా చూపుడు వేలు, మధ్య వేలు చివరి కణుపులు ఆనించి, బొటనవేలు కింద పెట్టి, అరచేతికీ బంతికీ మధ్య వేలు దూరేంత ఖాళీ వదిలితే అది ఫోర్‌సీమ్ పట్టు. బంతి వెనక్కి తిరుగుతూ తిన్నగా పోతుంది. బౌలర్ వేళ్లు అలవాటుకొద్దీ కుట్టు వెంబడే వెళ్తాయి. అప్పుడది టూసీమ్ అవుతుంది, బంతి విసిరిన చేతి వైపు జారుతూ కిందికి దిగుతుంది. మూడో బేస్ (రన్నర్ తొక్కాల్సిన గుర్తు) నుంచి మొదటి బేస్‌కు 38.8 మీటర్లు. అంత దూరంలో ఆ జారుడుకు, బేస్ తొక్కి బంతి అందుకోవాల్సిన మొదటి బేస్‌మన్ కాలు బేస్ మీద నుంచి లేచిపోతుంది. విసిరినవాడికి మాత్రం తన త్రో బాగానే పోయిందనిపిస్తుంది.

స్వింగ్ బౌలర్లకు ఒక మాట. క్రికెట్ బంతి స్వింగ్ కావడానికి కుట్టు కోణం, ఒకవైపు మెరుపు కారణం. బేస్‌బాల్ వంపులో పెద్ద వాటా బంతి తిరిగే వేగానిదీ, తిరిగే అక్షానిదీ. మేజర్ లీగ్ ఫోర్‌సీమర్ నిమిషానికి సగటున 2,300 చుట్ల దాకా తిరుగుతుంది. కాబట్టి మెరుగు పెట్టే విద్య ఇక్కడ పనికిరాదు, పైగా నిబంధనలకు విరుద్ధం. పనికొచ్చేది వేలి కొసకు కుట్టు తెలిసే ఆ స్పర్శ. ఆ విషయంలో స్పిన్నర్లకు, కట్టర్లు వేసేవాళ్లకు మంచి లాభం ఉంది.

కొనేటప్పుడు కుట్టు ఎత్తు చూడండి. ప్రొఫెషనల్ బంతికి కుట్టు అణిగి ఉంటుంది. స్కూలు స్థాయి బంతులకు పైకి లేచి ఉంటుంది. అమెరికా కాలేజీ లీగ్ 2015లో 1.2 మిల్లీమీటర్ల ఎత్తు కుట్టు వదిలేసి 0.8 మిల్లీమీటర్లకు వచ్చింది. లేచిన కుట్టు క్రికెటర్ వేళ్లకు హాయిగా ఉంటుంది, గాల్లో ఎక్కువ వంపు కూడా ఇస్తుంది. దాంతో సాధన చేసి ప్రొఫెషనల్ బంతి పట్టుకుంటే నేర్చుకున్న వంపులో సగం కనిపించదు. తొలి డజనే అణిగిన కుట్టువి తీసుకోండి. ప్రాక్టీస్ బంతులన్న పేరుతో వచ్చేవాటిని వంటింటి త్రాసు మీద పెట్టి చూడండి, 142 కన్నా తక్కువో 149 కన్నా ఎక్కువో తూగితే మెషీన్‌కు వదిలేయండి. కొత్త బంతి జారుతుంది, అందుకే మ్యాచ్‌కు ముందు మట్టి రుద్దుతారు. తడిసిన బంతి బరువెక్కుతుంది. దానితో విసుర్లు వద్దు.

మరి ఫాస్ట్ బౌలర్ పిచర్ అవుతాడా? రికార్డుకెక్కిన వేగాలు పక్కపక్కన పెడితే ఆశ పుడుతుంది. షోయబ్ అఖ్తర్ 2003లో గంటకు 161.3 కిలోమీటర్లు వేశాడు. అరోల్డిస్ చాప్‌మన్ 2010లో 170.3 విసిరాడు. కానీ షోయబ్ వెనక పొడవాటి రన్నప్ ఉంది. చాప్‌మన్‌కు ఉన్నది 25.4 సెంటీమీటర్ల ఎత్తు మౌండ్ (మట్టి దిబ్బ), కాలు ఆనించడానికి ఓ రబ్బరు పలక, అంతే. బౌలర్ నుంచి కలిసొచ్చేది ముందు కాలు. నేలకు ఆనగానే మోకాలు బిగబట్టి ఒంటి వేగాన్ని పైకి మళ్లించే పని రెండు ఆటల్లోనూ ఒకటే, మంచి ఫాస్ట్ బౌలర్‌కు అది ముందే వచ్చు. కలిసిరానిది చేయి. బౌలింగ్‌లో మోచేయి 15 డిగ్రీలకు మించి చాచడానికి వీల్లేదు. పిచింగ్‌లో మోచేయి వంగి, భుజం వెనక్కి పూర్తిగా మెలిపడి, అక్కడ్నుంచి కొరడా ఝళిపించినట్టు రావాలి. ఏళ్ల తరబడి నేరుగా తిప్పిన భుజానికి ఆ మెలిక తెలియదు. అందుకే 145 వేసే బౌలర్ మౌండ్ మీద నిలబడితే రాడార్ గన్ మీద పడే అంకె చూసి బిక్కమొహం వేస్తాడు. మేజర్ లీగ్ ఫాస్ట్‌బాల్ సగటు ఇప్పుడు గంటకు 151 కిలోమీటర్ల చుట్టుపక్కల ఉంది.

ఇంకో తప్పు కళ్లది. బౌలర్ చూపు పిచ్ మీద లెంగ్త్ వెతుకుతుంది. పిచర్‌కు లెంగ్త్ లేదు, 43.2 సెంటీమీటర్ల వెడల్పు ప్లేట్ (బ్యాటర్ పక్కన నేలలో ఉండే పలక) పైన గాల్లో కనబడని చట్రం మాత్రమే ఉంది. పాత అలవాటుతో బంతిని ఆలస్యంగా వదిలేసి ప్లేట్ ముందు నేలకేసి కొడతారు. చూపును క్యాచర్ (ప్లేట్ వెనక కూర్చునే కీపర్) మాస్క్ మీద నిలిపి విసిరితే బంతి దిగి దిగి సరిగ్గా మోకాలి ఎత్తుకు వస్తుంది.

పని భారం లెక్క కూడా మారుతుంది. ఎర్రబంతి ఆటలో రోజుకు 20 ఓవర్లంటే 120 బంతులు, మర్నాడు మళ్లీ బౌలింగ్. అమెరికాలో మేజర్ లీగ్, యూఎస్‌ఏ బేస్‌బాల్ కలిసి ఇచ్చిన పిచ్ స్మార్ట్ సూచనల్లో 17, 18 ఏళ్లవాళ్లకు రోజుకు 105 పిచ్‌లే గరిష్ఠం, 81కి చేరితే నాలుగు రోజుల విశ్రాంతి. బౌలర్‌నన్న ధీమాతో ఆ అంకెను దాటవద్దు.

గ్లవ్: 5కి 4, సైజు సరిగ్గా ఎంచుకుంటేనే

ఫీల్డింగ్‌లో క్రికెటర్‌ది పైచేయి అనుకుంటారు. ఉత్త చేతులతో పట్టేవాడికి గ్లవ్ ఇస్తే ఇంకేం కావాలని. ఎత్తు బంతి కిందికి చేరడం, గాల్లో బంతి గమనం అంచనా వేయడం, పరుగులో వంగి తీసి విసరడం... ఇవన్నీ నిజంగానే కలిసొస్తాయి. పట్టే పద్ధతి కలిసిరాదు. ఉత్త చేతులకు రెండు చేతులూ కలిపి, అరచేతుల్లోకి తీసుకుని, వెనక్కి లాగుతూ దెబ్బ తగ్గించడం నేర్పుతారు. గ్లవ్‌లో బంతి అరచేతిలో పడితే చూపుడు వేలి మొదలు మండిపోతుంది. పడాల్సింది బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య జాలీ మొదలయ్యే గుంటలో. దాన్నే పాకెట్ అంటారు. రెండో చేయి పక్కనే సిద్ధంగా ఉండాలి, పట్టడానికి కాదు, వెంటనే తీసి విసరడానికి.

ఏ చేతికన్నది పెద్ద తిరకాసు. గ్లవ్ విసరని చేతికి. కుడిచేత్తో విసిరేవాడికి ఎడమచేతి గ్లవ్, పెట్టె మీద ఆర్‌హెచ్‌టీ అని ఉంటుంది. ఎడమచేత్తో విసిరేవాళ్లకు ఎల్‌హెచ్‌టీ. కుడిచేతివాటం క్రికెటర్ ఒంటిచేత్తో పట్టిన మంచి క్యాచ్‌లు ఎక్కువగా కుడిచేత్తోనే ఉంటాయి. ఇప్పుడా భారమంతా ఎడమచేతిది. గోడకు టెన్నిస్ బంతి విసిరి, ఎడమచేత్తో మాత్రమే, గ్లవ్ లేకుండా పట్టే సాధన గ్లవ్ వచ్చేలోపే మొదలుపెట్టొచ్చు.

సైజులు అంగుళాల్లో ఉంటాయి. ఇన్‌ఫీల్డ్‌కు 11.25 నుంచి 11.75, అవుట్‌ఫీల్డ్‌కు 12.5 నుంచి 12.75, మొదటి బేస్ మిట్ (వేళ్లు విడిగా లేని గ్లవ్) 12 నుంచి 13. కొత్తవాళ్లు నేరుగా 12.75 తీసుకుంటారు, పెద్దదైతే ఏదో ఒక మూల చిక్కుతుందని. చిక్కుతుంది, కానీ లోపల ఎక్కడుందో వేళ్లకు దొరకదు. బంతి వెతుక్కునే ఆ క్షణంలోనే రన్నర్ బేస్ చేరతాడు. ముందు 11.75 లేదా 12తో మొదలుపెట్టి, అవుట్‌ఫీల్డ్ ఖాయమయ్యాక పెద్దదానికి వెళ్లడం మంచిది. తోలు విషయంలో స్టీర్‌హైడ్ (ఎద్దు తోలు) గట్టిది, ఎక్కువకాలం మన్నుతుంది, మెత్తబడటానికి టైము తీసుకుంటుంది. కిప్ (లేత పశువు తోలు) తేలిక, తొందరగా ఒదుగుతుంది. సింథటిక్ తోలు గ్లవ్ మొదటి రోజే మెత్తగా ఉంటుంది, ఆ మెత్తదనం చూసి మోసపోవద్దు. గట్టి త్రోలకు పాకెట్ నిలవదు.

గ్లవ్‌ను లొంగదీసే పద్ధతి ఇది. గ్లవ్ కండిషనర్‌ను గుడ్డతో పలచగా, మడతల దగ్గర, లేసుల మీద రాయాలి. ఒక రాత్రి ఆరనివ్వాలి. మర్నాడు బొటనవేలు మొదలు, చిటికెన వేలు మొదలు పట్టుకుని అటూ ఇటూ వంచాలి. చెక్క సుత్తితో పాకెట్‌లో, జాలీ కింద కొట్టాలి. తర్వాత ఆడాలి, అంతకు మించిన మందు లేదు. పక్కన పెట్టేటప్పుడు పాకెట్‌లో బంతి ఉంచి వదులుగా కట్టాలి. వేడినీళ్లలో ముంచడం, ఓవెన్‌లో పెట్టడం వంటి చిట్కాలు తోలును ఎండగట్టి లేసులు తెంపుతాయి. క్రికెటర్ మాత్రమే చేసే తప్పు ఒకటుంది. బ్యాట్‌కు రాసే లిన్‌సీడ్ ఆయిల్ చేతికందేలా ఉంటుంది కదా అని దాన్నే గ్లవ్‌కు పట్టిస్తారు. మొదట మెత్తబడినట్టే ఉంటుంది, తర్వాత గ్లవ్ బరువెక్కి, ఆరి, అట్ట కడుతుంది.

వికెట్ కీపర్ల సంగతి విడిగా చెప్పాలి. మారేవాళ్లలో అందరికన్నా మాకు నమ్మకం ఉన్నది కీపర్ల మీదే. గంటల తరబడి కూర్చుని లేచే మోకాళ్లు, ప్రతి బంతినీ చూసే ఓపిక, బ్యాట్ అడ్డొచ్చినా రెప్ప వేయని కళ్లు. ఆస్ట్రేలియా కెప్టెన్ ఇయాన్ చాపెల్ దక్షిణ ఆస్ట్రేలియాకు క్యాచర్‌గా ఆడాడు. అప్పట్లో అక్కడ బేస్‌బాల్ చలికాలపు ఆట కాబట్టి రెండూ కుదిరేవి. అయితే కీపర్ రెండు చేతులూ వాడతాడు, క్యాచర్ ఒక్క చేయే. విసిరే చేతిని కాలి వెనక దాచాలి, లేదంటే ఫౌల్ టిప్ (బ్యాట్ అంచుకు తగిలి వెనక్కి వచ్చే బంతి) తగిలి వేళ్లు విరుగుతాయి. నేలకు తగిలి వచ్చే బంతిని కీపర్ అందుకోవాలని చూస్తాడు. క్యాచర్ మోకాళ్ల మీద పడి ఛాతీతో ఆపి ముందుకు పడేయాలి. ఇక అసలు పరీక్ష రెండో బేస్ త్రో: 38.8 మీటర్లు. మిట్‌లో బంతి పడ్డ క్షణం నుంచి బేస్ దగ్గర గ్లవ్ చేరేదాకా మేజర్ లీగ్ సగటు సుమారు 2 సెకన్లు. క్యాచర్ మిట్ 33 లేదా 34 అంగుళాలది తీసుకోండి. ఈ అంకె చుట్టుకొలతది, మిగతా గ్లవ్‌ల సైజుతో పోల్చకూడదు.

కేజ్, పిచింగ్ మెషీన్ సేవ: 5కి 2.5

బౌలింగ్ మెషీన్ ముందు పెరిగిన బ్యాటర్‌కు ఇది సొంతిల్లులా ఉంటుంది, చిక్కు అక్కడే. గంట లెక్కన కేజ్ తీసుకునేముందు అడగాల్సినవి: ప్లేట్ నుంచి మెషీన్ దాకా దూరమెంత, బంతులు నిజమైన కుట్టువా లేక గుంటలున్న ప్లాస్టిక్‌వా, వంపు బంతులు వేసే మెషీనా, కోచ్ ఎల్-స్క్రీన్ (ఎల్ ఆకారపు రక్షణ వల) వెనక నుంచి చేత్తో విసురుతాడా.

దూరం ఎందుకంటే బోర్డు మీద రాసే వేగం అరకొర సమాచారమే. మౌండ్ మీది రబ్బరు పలక నుంచి ప్లేట్ కొస దాకా 18.44 మీటర్లు. పిచర్ అడుగు ముందుకేసి వదులుతాడు కాబట్టి బంతి ప్రయాణం దాదాపు 16.6 మీటర్లు. మెషీన్ 13.7 మీటర్లలో ఉంటే అక్కడ 125 కిలోమీటర్ల వేగం మైదానంలో 151తో సమానం. లెక్క తేలిక: మెషీన్ వేగాన్ని 16.6తో గుణించి, మెషీన్ దూరంతో భాగించాలి. ఈ లెక్క తెలియక 13.7 మీటర్లలో 150 పెట్టుకుని, తగలక, తమ కళ్లే మందగించాయని బెంగపడేవాళ్లున్నారు. 151 కిలోమీటర్ల పిచ్ ప్లేట్ చేరడానికి 0.4 సెకను పడుతుంది. క్రికెట్‌లో 145 బంతికి, పిచ్ మీద పడి వేగం తగ్గుతుంది కాబట్టి, సుమారు అర సెకను దొరుకుతుంది. పదో వంతు సెకను తేడా చిన్నదనుకుంటే పొరపాటు. స్వింగ్ మొదలుపెట్టాలా వద్దా అని తేల్చుకునే టైము అదే.

గుంటల బంతులు మెషీన్ చక్రాల మధ్య ఒకేలా పోతాయి, అందుకే కేజ్‌వాళ్లకు ఇష్టం. కుట్టు బంతి చక్రానికి తగిలే తీరును బట్టి ప్రతిసారీ కాస్త తేడాగా వస్తుంది. బ్యాటర్‌కు కావాల్సింది ఆ తేడాయే. రెండు చక్రాల మెషీన్‌లో వంపు మార్చాలంటే తల తిప్పి బిగించాలి. మూడు చక్రాలదైతే వేగాలు మార్చి ఫాస్ట్‌బాల్, వంపు తిరిగే కర్వ్, స్లైడర్ వెంటవెంటనే వేయొచ్చు. ఉంటే మూడు చక్రాలదే ఎంచుకోండి.

అయినా 2.5 ఎందుకిచ్చామంటే, ఏ మెషీన్‌కూ చేయి లేదు. క్రికెటర్ బంతి పడిన చోటు చూసి ఆడతాడు. ముందు కాలా వెనక కాలా అన్నది లెంగ్త్ తేలుస్తుంది. బేస్‌బాల్‌లో నేల లేదు. 150 వేగంతో మోకాలి నుంచి ఛాతీ మధ్య దాకా వచ్చే ప్రతిదీ ఫుల్ టాసే, దాన్ని చదవాల్సింది పిచర్ మణికట్టు దగ్గర. ఫాస్ట్‌బాల్ కన్నా 13 నుంచి 16 కిలోమీటర్లు తక్కువ వేగంతో వచ్చే చేంజప్‌ను అదే చేయి ఊపుతో విసురుతారు. మెషీన్ ముందు దంచినవాడు దాని దగ్గర బోర్లా పడతాడు. స్లోయర్ బంతులు ఆడిన టీ20 బ్యాటర్‌కు ఇక్కడ కొంచెం మేలు. అందుకే గంటలో మెషీన్‌కు 15 నిమిషాలు చాలు. టీ (బంతి నిలబెట్టే కడ్డీ) మీద బంతి పెట్టి 15, మిగతా అరగంట ఎల్-స్క్రీన్ వెనక నుంచి మనిషి విసిరేవి. విసిరేవాడు చెప్పకుండా వేగం మార్చాలి. పిచర్లు బుల్‌పెన్‌లో (వాళ్లు సాధన చేసే చోటు) విసిరేటప్పుడు బ్యాట్ ఊపకుండా ప్లేట్ పక్కన నిలబడి, బంతి చేయి వదిలిన వెంటనే స్ట్రైకా (ఆ కనబడని చట్రంలోంచి) బాలా (దాని బయటి నుంచి) అని గట్టిగా చెప్పే సాధన ఏ మెషీన్ కన్నా ఎక్కువ నేర్పుతుంది.

చెక్క బ్యాట్: 5కి 2

వస్తువుగా చూస్తే మంచి బ్యాట్లకేం కొదవ లేదు. ఈ మార్కులు బ్యాట్‌కు కావు, క్రికెటర్ చేతిలో అది మొదట్లో ఇచ్చే ఫలితానికి. నిబంధన ప్రకారం గరిష్ఠ వ్యాసం 6.63 సెంటీమీటర్లు, గుండ్రం, ఒకే చెక్క. క్రికెట్ బ్యాట్ వెడల్పు 10.8 దాకా, ముఖం చదును. చదును ముఖంతో అంగుళం అటూ ఇటూ తగిలినా బంతి పోతుంది. గుండ్రటి దానితో ఆ అంగుళం తేడాకే బంతి నేలకో వెనక నెట్‌లోకో పోతుంది.

షాట్ల లెక్క ఇంకా కఠినం. కొట్టిన బంతి చెల్లే ఫెయిర్ హద్దు 90 డిగ్రీలే. లేట్ కట్, గ్లాన్స్, ర్యాంప్, రివర్స్ స్వీప్ అన్నీ ఫౌల్. మైదానం నలుమూలలా ఆడే బ్యాటర్ ఆస్తిలో సగం ఇక్కడ చెల్లదు. అడ్డుకోవడానికీ విలువ లేదు. రెండు స్ట్రైక్‌ల తర్వాత బంట్ (బ్యాట్ ఊపకుండా బంతికి అడ్డు పెట్టడం) చేయబోయి ఫౌల్ అయితే అవుటే. ఇంత చేసినా పుట్టినప్పట్నుంచి ఇదే ఆడినవాళ్లు 2024లో మేజర్ లీగ్‌లో తెచ్చుకున్న సగటు .243, అంటే నూటికి సుమారు 24 సార్లే హిట్. క్రికెట్‌లో తప్పు చేయకపోవడమే గొప్ప అని పెరిగినవాడికి, పదిలో ఏడు సార్లు విఫలమైనవాడిని గొప్పవాడనే లెక్క మింగుడుపడదు. సాంకేతిక తేడా కన్నా ఇదే ఎక్కువమందిని వెనక్కి పంపుతుందని మా అనుమానం.

సరే, కొనే దశకు వచ్చారనుకుందాం. 33 అంగుళాలు, 30 ఔన్సులు అంటే 850 గ్రాములతో మొదలుపెట్టండి. 1.2 కిలోల బ్యాట్ ఊపిన చేతికి ఇది ఆటబొమ్మలా తోచి 34 అంగుళాలు, 32 ఔన్సులకు పోతారు. కానీ బరువంతా కొసన ఉండి, అడ్డంగా తిప్పాల్సి వచ్చినప్పుడు ఆ రెండు ఔన్సులు మణికట్టుకు తెలుస్తాయి. లూయీవిల్ స్లగ్గర్ నమూనాల్లో సి271 బరువు సమంగా పంచుకున్న ఆకారం, సి243 కొస బరువైనది. క్రికెటర్‌కు మొదటిదే సరి. చెక్కల్లో మేపుల్ గట్టిది, తప్పు చోట తగిలితే ముక్కలుగా ఎగిరిపోతుంది. యాష్ వంగుతుంది, వాడేకొద్దీ పొరలు లేస్తుంది. బర్చ్ ఈ రెండింటి నడుమ, తొలి బ్యాట్‌గా మా ఓటు దానికే. మేపుల్, బర్చ్ బ్యాట్ పిడి మీద సిరా చుక్క ఉందేమో చూడండి. చుక్క సాగిన దిక్కు చెక్క నారల దిక్కు చెబుతుంది, అది బ్యాట్ పొడవు గీతకు 3 డిగ్రీల లోపే ఉండాలి. కంపెనీ ముద్ర ఆకాశం వైపో నేల వైపో ఉండేలా పట్టుకుని కొట్టాలి. ముద్ర మీద కొడితే బ్యాట్ పోయినట్టే.

నూనె అక్కర్లేదు, నాకింగ్ (సుత్తితో కొట్టి గట్టిపరచడం) అక్కర్లేదు. పొడి చోట నిలువుగా ఉంచితే చాలు.

క్రికెటర్ చేతిలో మొదటి బ్యాట్ దాదాపు ఎప్పుడూ పిడి దగ్గరే విరుగుతుంది. కారణం చేతులు. డ్రైవ్ ఆడే అలవాటుకు చేతులు ముందుగా చాచుకుంటాయి, ఒంటి మీదికొచ్చే ఫాస్ట్‌బాల్ సన్నటి మెడకు తగులుతుంది. తగలాల్సింది కొస నుంచి 12 నుంచి 18 సెంటీమీటర్ల మధ్య. మందు పుల్ షాట్‌లోనే ఉంది. మోచేతులు ఒంటికి దగ్గరగా, తుంటి ముందు తిరిగి, చేతులు వెనక రావాలి. పుల్ బాగా ఆడేవాళ్లు మిగతా అందరికన్నా ముందే దారిలో పడతారు. అయితే పుల్‌లో మణికట్లు తిప్పి బంతిని కిందికి అణచడం మానాలి. 8 నుంచి 32 డిగ్రీల కోణంలో పైకి లేచిన బంతికే ఇక్కడ ఫలితం. ఈ దశలో ఖరీదైన మేపుల్ కన్నా బ్యాంబూ లేదా కాంపోజిట్ చెక్క బ్యాట్ ఎక్కువకాలం బతుకుతుంది. లోహపు బ్యాట్ మాత్రం వద్దు. అది కాలేజీ, అమెచ్యూర్ ఆటల వస్తువు, మెడకు తగిలిన బంతిని కూడా పోనిచ్చి తప్పును కప్పేస్తుంది.

ఎవరికి ఈ ఖర్చు దండగ కాదు

వెస్టిండీస్ ఓపెనర్ కీరన్ పావెల్ క్రికెట్ పక్కన పెట్టి ఫ్లోరిడాలో బేస్‌బాల్ సాధన చేశాడు, మేజర్ లీగ్ జట్ల ముందు తనను తాను చూపించుకున్నాడు. కాంట్రాక్టు రాలేదు, 2017లో మళ్లీ టెస్టులు ఆడాడు. టెస్టు స్థాయి ఓపెనర్ కళ్లు, చేతులు కూడా ఇరవైల నడుమ మొదలుపెడితే సరిపోలేదన్నమాట. మరోవైపు 2008లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ సంతకం చేయించుకున్న రింకూ సింగ్, దినేశ్ పటేల్ క్రికెటర్లే కారు, జావెలిన్ విసిరేవాళ్లు. ఇద్దరూ మైనర్ లీగ్‌ల దాకానే వెళ్లారు. కానీ బంతి పట్టని వాళ్లను అంతదూరం తీసుకెళ్లింది విసిరే చేయే. తిరుగు దారి కూడా ఉంది. జపాన్ ప్రొఫెషనల్ లీగ్‌లో హిరోషిమా కార్ప్‌కు ఆడిన షోగో కిమురా 2018లో క్రికెట్‌కు వచ్చి జపాన్ జట్టుకు ఆడాడు.

అందుకని 20 ఏళ్ల లోపు, బౌండరీ నుంచి బుల్లెట్‌లా విసిరే ఫీల్డర్ అయితే బంతులు, అవుట్‌ఫీల్డ్ గ్లవ్ కొనొచ్చు. కీపర్ అయితే మిట్, మోకాలి గార్డులు, ఛాతీ కవచం. ఫాస్ట్ బౌలర్ అయితే బంతులు మాత్రమే, తొలి కొన్ని నెలలు మౌండ్ ఎక్కకుండా. ముప్పై దగ్గరపడ్డ స్టార్ బ్యాటర్‌కు అమెచ్యూర్ లీగ్ సరదా ఉంది, ప్రొఫెషనల్ కాంట్రాక్టు లేదు.

జట్ల ట్రయల్స్‌లో చూసే అంకెలు ముందే కొలుచుకోవచ్చు, దానికి స్టాప్‌వాచ్, చేతిలో పట్టే రాడార్ ఉంటే చాలు. 54.9 మీటర్ల పరుగు 7 సెకన్ల లోపు రావాలి. అది నిలబడిన చోటి నుంచి, పక్కకు తిరిగి, బేస్ దొంగిలించే (పిచర్ విసురుతుండగానే తర్వాతి బేస్‌కు పరుగెత్తే) భంగిమలో మొదలవుతుంది. వికెట్ల మధ్య పరుగులా బ్యాట్ చేత్తో ముందుకు వంగి మొదలుపెడితే కొలత తప్పు. అవుట్‌ఫీల్డ్ త్రోను మూడు నాలుగు అడుగుల ఊపుతో, తలుపు ఎత్తున, ఒక్క గెంతుతో చేరేలా విసిరి రాడార్‌తో కొలవాలి. ఎత్తుగా తేల్చి విసిరితే దూరం పోతుంది గానీ ట్రయల్‌కు వచ్చిన స్కౌట్ (జట్టుకు ఆటగాళ్లను వెతికేవాడు) పుస్తకంలో ఏమీ రాసుకోడు.